స్వచ్ఛందంగా వెళ్ళినవాడు

ఆర్డ్‌నెస్ వైమానిక స్థావరం గేటుకి ఎదురుగా నాకు మంగలి దుకాణం ఉండేది. ఆఫీసరైనా కొత్త కుర్రాడైనా ఒకే కటింగు, చెవుల పైకి, మెడ కనపడేలా. పని సులువు, కబుర్లు బోలెడు. మెడకి గుడ్డ కట్టాక మగవాళ్ళు పెళ్ళాంతో చెప్పని మాటలు కూడా చెప్తారు. ఇన్నెస్ ఫ్లెట్ మాత్రం చెప్పేవాడు కాదు. అతని సంగతి నాకు ముక్కలు ముక్కలుగా, ఏళ్ళ తరబడి తెలిసింది. ఒక్క ముక్క మాత్రం నా దుకాణంలోనే, నా కళ్ళముందే జరిగింది.

ఇన్నెస్‌ది బకీ రేవు. తండ్రీ తాతా చేపల పడవల మీద బతికినవాళ్ళు. ఇతనికేమో సముద్రం పడదు, పడవ రేవు దాటకముందే కడుపులో తిప్పేది. "ఫ్లెట్ల ఇంట్లో పుట్టి నేల మీద నడిచేవాడివి నువ్వొక్కడివే రా" అని తండ్రి నలుగురిలో వెక్కిరిస్తుంటే పడలేక, పదిహేడో ఏట వైమానిక దళంలో చేరాడు. వాళ్ళు అప్పగించిందీ పడవల పనే. విమానం సముద్రంలో పడితే సిబ్బంది ఎక్కే రబ్బరు పడవలు, పారాచూట్లు, లైఫ్ జాకెట్లు. వాటిని విప్పి, చిరుగులు చూసి, గాలి పట్టి, ఆరబెట్టి, మళ్ళీ మడిచి సంచిలో సర్దాలి. తాడు లాగగానే పడవ ఉబ్బాలి.

"మా సరుకు పనిచెయ్యలేదని ఇంతవరకు ఒక్కడూ తిరిగొచ్చి గొడవ పడలేదు" అనేది ఆ సెక్షన్ వాళ్ళ హాస్యం.

అక్కడే మెట్టు మెట్టుగా ఎదిగి ఆ సెక్షన్‌కి పెద్ద అయ్యాడు. అందరూ చీఫ్ అనేవాళ్ళు. దరిదాపు ముప్పై ఏళ్ళ నౌకరీలో సైప్రస్, ఫాక్లాండ్ దీవులు, గల్ఫ్ ఎడారి అన్నీ తిరిగాడు. అతను లేనప్పుడల్లా ఇల్లూ పిల్లల్నీ ఈడ్చుకొచ్చింది భార్య షీనా. స్కూలు వంటగదిలో పనిచేసేది. నోరున్న మనిషి, మంచి మనిషి.

లాయడ్ పెండ్రిల్ గురించి కూడా చెప్పాలి. ఒక జనవరిలో ఓర్క్నీ దీవుల దగ్గర హెలికాప్టర్ ఒకటి సముద్రంలో కూలింది. అందులో ఉన్న నలుగురూ రబ్బరు పడవలో తేలుతూ తెల్లారేదాకా బతికారు. వాళ్ళలో అందరికంటే చిన్నవాడు పెండ్రిల్. ఆస్పత్రి నుంచి వచ్చిన వెంటనే, ఇంకా కుంటుతూనే, ఆ పడవ మడిచిందెవరని వెతుక్కుంటూ వచ్చాడు. ఇన్నెస్ చేతిలో విస్కీ సీసా పెట్టాడు. అది ఆ ఉద్యోగంలో ఆనవాయితీ. తర్వాత కూడా ఏ ఊళ్ళో ఉన్నా జనవరిలో ఒక ఫోను వచ్చేది. ఇన్నెస్ కూతురి పెళ్ళికి భార్యతో సహా వచ్చి నాట్యం చేశాడు. చివరికి వింగ్ కమాండర్ హోదాలో మా ఆర్డ్‌నెస్‌కే పై అధికారిగా వచ్చినప్పుడు ఇన్నెస్ మొహం వెలిగిపోయింది. "మనవాడు వచ్చాడు డోడ్" అన్నాడు నాతో. అప్పటిదాకా అతని నోట నేను విన్న అన్నిటికన్నా పొడవైన కబురు అదే.

ఆ మరుసటి చలికాలమే ఉద్యోగాల కోత మొదలైంది. సముద్రం మీద గస్తీ తిరిగే పాత విమానాలని అప్పటికే మూలన పెట్టారు. వాటి బదులు రావలసిన కొత్తవాటిని తీరా తయారయ్యాక లండన్‌లో వద్దనుకున్నారు. వాటిని ముక్కలుగా కోస్తుంటే టీవీలో చూపించారు. స్థావరం మూసేస్తామన్నారు. కొందరిని పక్క స్థావరానికి పంపుతామని, మిగిలినవాళ్ళని తీసేస్తామని, తమంత తామే వెళ్ళిపోదలచినవాళ్ళు వసంతంలోగా స్వచ్ఛంద విరమణకి రాసివ్వొచ్చని చెప్పారు. నా దుకాణంలో వారం రోజులు ఎవరూ ఫుట్‌బాల్ మాట ఎత్తలేదు.

ఇన్నెస్‌కి వెళ్ళే ఉద్దేశం లేదు. మరో అయిదారేళ్ళు నౌకరీ మిగిలి ఉంది, పక్క స్థావరంలో అతని పని తెలిసినవాళ్ళ అవసరం కూడా ఉంది. అలాంటప్పుడు పెండ్రిల్ అతన్ని ఆఫీసుకి కాకుండా ఇంటికి పిలిచాడు. టీ పోసి ఇచ్చాడు.

"ఇన్నెస్, మీ సెక్షన్ నుంచి ఒకరు పోవాలి. నువ్వుగానీ రోనాగానీ."

రోనా టల్లక్ అతని కింద పనిచేసే కార్పొరల్. తనే నేర్పి తీర్చిదిద్దిన మనిషి. ఆమె భర్త కలమ్ ఇళ్ళ కప్పులు వేసేవాడు, రెండేళ్ళ కిందట నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆ ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

"నేను రాసిస్తే ఆమె ఉంటుందా సర్?" అని అడిగాడు ఇన్నెస్.

"ఉంటుంది. నేను చూసుకుంటాను."

అంతే. మర్నాడు ఇన్నెస్ సంతకం పెట్టేశాడు. షీనాకి సాయంత్రం వంట చేస్తుంటే చెప్పాడు.

"పెడదామా అని అడుగుతున్నావా, పెట్టానని చెప్తున్నావా?" అందామె.

"పెట్టాను."

"ముప్పై ఏళ్ళు వాళ్ళు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయావు, నేను నోరెత్తలేదు. ఇప్పుడు ఇంటికి రమ్మంటే వస్తున్నావు, అదీ నాకు ఆఖర్న తెలియాలి."

"ఆ పిల్ల పరిస్థితి చూడు షీనా."

"చూస్తూనే ఉన్నాను. నువ్వు ఆ పిల్లని చూశావు. నన్ను కూడా ఒకసారి చూసి ఉంటే బాగుండేది."

సరిగ్గా ఆ రోజుల్లోనే రోనాకి ఇంగ్లండ్‌లో నార్ఫోక్‌కి బదిలీ వచ్చింది. కోతలు లేని చోటు. కలమ్‌ని అంత దూరం ఎలా తీసుకెళ్ళాలా అని ఆమె మథనపడుతుంటే ఇన్నెస్ చెప్పాడు, వెళ్ళొద్దు, ఇక్కడే నీ ఉద్యోగం ఉంటుంది, నాదీ పూచీ అని. ఎందుకు ఉంటుందో చెప్పలేదు. చెప్తే ఆమె మొహమాటపడుతుందని అతని భయం. ఆమె బదిలీ వద్దని రాసింది.

శరదృతువులో ఒక గురువారం ఫలితాలు చెప్పారు. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి తలుపేసి చెప్పారు. ఆ పూట ఇన్నెస్ నా కుర్చీలో ఉన్నాడు. అతనికి రాబోయేదేమిటో తెలుసు కనుక కంగారు లేదు. ఒక పక్క కత్తిరించడం అయ్యి రెండో పక్కకి తిరిగాను. అప్పుడు రోనా తలుపు తోసుకుని వచ్చింది. యూనిఫాంలోనే ఉంది, టోపీ పిడికిట్లో నలిగిపోయింది.

"నన్ను తీసేశారు చీఫ్."

"నిన్ను కాదు. ఏదో పొరపాటు పడుంటారు."

"పొరపాటా? ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించారు. పేరూ నంబరూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి." ఆమె గొంతు పెంచలేదు. "నార్ఫోక్ వెళ్ళొద్దన్నదెవరు?"

"నేనే."

"మీకెవరు చెప్పారని అడిగితే, చెప్పాల్సినవాళ్ళే చెప్పారన్నారు. ఎవరు వాళ్ళు?"

ఇన్నెస్ అద్దంలో నా వంక చూశాడు. నేను కత్తెర పక్కన పెట్టాను. పోనీ బయటికి పోదామంటే దుకాణం నాది.

"పెండ్రిల్" అన్నాడు. "నేను వెళ్తే నువ్వుంటావన్నాడు. అందుకే నేను రాసిచ్చాను."

ఆమె బెంచీ మీద కూలబడింది.

"అంటే నా బతుకు గురించి మీరిద్దరూ టీ తాగుతూ బేరం కుదుర్చుకున్నారు" అంది. "నన్నొక మాట అడగాలని మీకు తోచలేదు. పెద్దమనసు చేసుకున్నారు చీఫ్. ఇంటికెళ్ళి కలమ్‌కి అదే చెప్తాను, మా చీఫ్ పెద్దమనసు చేసుకున్నాడని."

ఆమె వెళ్ళిపోయింది. ఇన్నెస్ మెడ మీది గుడ్డ తనే విప్పుకున్నాడు.

"కూర్చోరా, ఒక పక్కే అయ్యింది" అన్నాను.

"తర్వాత" అంటూ ఆ తలతోనే రోడ్డు దాటి గేటులోపలికి వెళ్ళాడు. కాపలా కుర్రవాళ్ళు నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయారు.

పెండ్రిల్ ఆఫీసులో జరిగింది అతను నాకు చాలా ఏళ్ళకి చెప్పాడు. పెండ్రిల్ లేచి తలుపు మూసి, కూర్చోమన్నాడట. ఇన్నెస్ కూర్చోలేదు.

"ఆమె ఉంటుందన్నారు సర్."

"నా చేతనైనంత చేస్తానన్నాను. నిర్ణయాలు ఇక్కడ జరగవు, నీకు తెలుసు."

"చేతనైనంత అనలేదు సర్. ఉంటుందన్నారు."

పెండ్రిల్ కిటికీ వైపు తిరిగాడు. "ప్రతి మాటా గుర్తుపెట్టుకునే పరిస్థితిలో ఎవరున్నారు ఇన్నెస్?"

"ఆమె పోస్టు కూడా పోతుందని మీకెప్పుడు తెలిసింది?"

ఇన్నెస్ మళ్ళీ అడగాల్సి వచ్చింది.

"మొదట్నుంచీ అనుమానం ఉంది" అన్నాడు పెండ్రిల్. "రెండూ పోవచ్చని. కానీ నువ్వు ఎలాగూ పోయేవాడివి. తీసేస్తే పోవడం కన్నా నీ అంతట నువ్వు పోవడం గౌరవం కదా. నీ మేలు కోరే చెప్పాను. స్వచ్ఛందంగా వెళ్ళేవాళ్ళు ఎంతమంది ఉంటే అందరికీ అంత మంచిది."

"అందరికీ అంటే ఎవరికి సర్?"

ఇన్నెస్ సెల్యూట్ చేసి వచ్చేశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే లేచిందట. నాతో చెప్పినప్పుడు అన్నిటికన్నా ఆ సెల్యూట్ గురించే ఎక్కువసేపు బాధపడ్డాడు.

రోనా అప్పీలు చేసుకుంది. బదిలీ వచ్చినా నువ్వే వద్దన్నావు కదా అని అడ్డం కొట్టారు. ఇన్నెస్ తనంత తానే వెళ్ళి, ఆమె వద్దనడానికి కారణం తనని, తనకి ఆ మాట ఇచ్చింది వింగ్ కమాండర్ అని సాక్ష్యం చెప్పాడు. పెండ్రిల్‌ని అడిగితే అలాంటి సంభాషణ ఏదీ తనకి గుర్తు లేదన్నాడు. ఇంట్లో కూర్చోబెట్టి టీ పోసిన సంగతి కూడా గుర్తు లేదన్నాడు. ఒక చీఫ్ మాట మీద వింగ్ కమాండర్‌ని ఎవరు నిలదీస్తారు? అప్పీలు కొట్టేశారు.

పెండ్రిల్ అబద్ధం చెప్పినందుకు కాదు ఇన్నెస్ కుంగిపోయింది. "తెలిసి ఆడితే అబద్ధం. నిజంగానే మర్చిపోయి ఉంటే?" అనేవాడు. ఏది నిజమో అతనికి చివరిదాకా తేలలేదు. ఆ జనవరిలో ఫోను మోగింది. షీనా ఎత్తి, ఎవరో విని, ఏమీ అనకుండా పెట్టేసింది. అప్పటికి ఆమె కోపం మొగుడి మీంచి పెండ్రిల్ మీదకి మళ్ళింది. అదొక్కటే ఇన్నెస్‌కి కలిసొచ్చింది.

స్థావరంవాళ్ళు ఇచ్చిన వీడ్కోలు విందుకి ఇన్నెస్, షీనా పోలేదు. రోనా కుటుంబం క్వార్టర్ ఖాళీ చేసి బకీలో మునిసిపాలిటీ ఇంట్లోకి మారింది. ఆమె బిస్కెట్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకి కుదిరింది. సొంత ఊరికే తిరిగొచ్చిన ఇన్నెస్ వీధిలో ఎదురైతే తల తిప్పుకునేది. స్థావరం మూతపడ్డాక నా దుకాణం కూడా ఆట్టే రోజులు నడవలేదు. బకీలో మా అక్క ఇంటి ముందుగదిలో రెండు కుర్చీలు వేసుకున్నాను. అలా ఇన్నెస్ మళ్ళీ నా గిరాకీ అయ్యాడు.

అతను రేవు దగ్గర ఒక షెడ్డులో పనికి చేరాడు. చేపల పడవల మీద ఉండే రబ్బరు పడవలని తనిఖీ చేసి మడిచే షెడ్డు. యజమాని పేరు మక్కే, ముసలివాడు, కళ్ళు మసకబారాయి. మరో మనిషి కావాలని మక్కే అంటే, ఇన్నెస్ రోనా పేరు చెప్పాడు.

"వెళ్ళి అడుగు మరి" అన్నాడు మక్కే.

"నేనడగను. ఆమె తరఫున నేను మాట్లాడను. మీరే వెళ్ళి, జీతం, పనివేళలు, నేను ఇక్కడ ఉన్న సంగతి, అన్నీ చెప్పండి. వస్తే వస్తుంది."

ఆమె వారం ఆలోచించుకుని వచ్చింది. మొదటిరోజు ఇన్నెస్ ఎదుట నిలబడి, "మీకోసం రాలేదు, పగటిపూట పని అని వచ్చాను" అంది. సరేనన్నాడు. ఒక పడవ మడవాలంటే ఇద్దరు కావాలి, ఇటూ అటూ పట్టుకుని ఒకేసారి మడత వెయ్యాలి. చాలా నెలలు "ఇటు లాగు", "ఆగు", "అయ్యింది" తప్ప వాళ్ళ మధ్య మాటల్లేవని మక్కే చెప్పేవాడు. ఒకరోజు కలమ్ కర్ర లేకుండా షెడ్డు దాకా నడిచి వచ్చాడు. ఆ పూట ముగ్గురూ కలిసి టీ తాగారు. ఆమె చీఫ్ అనడం మానేసి ఇన్నెస్ అనడం మొదలుపెట్టింది అప్పుడే.

కొన్నేళ్ళకి ప్రభుత్వానికి మళ్ళీ గస్తీ విమానాలు కావలసి వచ్చాయి. పక్క స్థావరానికి కొత్తవి దిగాయి. వాటితోపాటు పాతవాళ్ళు కూడా కావలసి వచ్చారు. కొత్త కుర్రవాళ్ళకి నేర్పడానికి రమ్మని ఒక యువ ఆఫీసరమ్మ షెడ్డుకే వచ్చింది. మర్యాదగా మాట్లాడింది. తప్పు ఆమెది కాదు, అప్పటికి స్కూల్లో చదువుతూ ఉండి ఉంటుంది.

"మీలాంటి అనుభవజ్ఞులు మాకు అవసరం మిస్టర్ ఫ్లెట్" అంది.

"ఉండేవాళ్ళమమ్మా. స్వచ్ఛందంగా వెళ్ళిపోయాం" అన్నాడు ఇన్నెస్, చేతిలో పని ఆపకుండా.

ఆమెకి అర్థం కాలేదు. రోనాకి అర్థమైంది. ఆఫీసరమ్మ వెళ్ళాక అడిగింది, "నేను పోనా? మీరేమంటారు?"

"నేనేం చెప్పను రోనా."

"సలహా కూడానా?"

"సలహా కూడా."

ఆమె కలమ్‌తో మాట్లాడుకుని, షరతులన్నీ రాతపూర్వకంగా తీసుకుని, వకీలుకి చూపించి మరీ చేరింది. ఇన్నెస్ చేరలేదు. మక్కే పోయాక షెడ్డు అతనే నడుపుతున్నాడు. మడత వెయ్యడానికి రెండో మనిషిగా షీనా వస్తోంది. ఆమె ఎంత నెమ్మదో, ఎంతసేపు వాదిస్తుందో అతను నా కుర్చీలో కూర్చుని చెప్తుంటాడు. ఇప్పుడు కాస్త కబుర్లు నేర్చాడు.

శుక్రవారాల్లో డ్యూటీ దిగి రోనా షెడ్డుకి వెన్న రొట్టెలు తెస్తుంది. పిల్లల గురించి, కలమ్ నడుం గురించి, చేపల ధర గురించి మాట్లాడుకుంటారు. పెండ్రిల్ దక్షిణాన ఎక్కడో పెద్ద కంపెనీలో ఉన్నాడని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పేరు మాత్రం వాళ్ళిద్దరూ ఎత్తగా ఇంతవరకు ఎవరూ వినలేదు.