రెండు వంటిళ్ళ చలవ

ఆ రోజుల్లో నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తప్ప అందరికీ తెలిసేది. జర్మనీలోని ఇల్మెనౌలో ఎమ్మెస్ చదువుతూ, ఒక చైనా అమ్మాయితో కలిసి రెండు గదుల ఫ్లాటులో ఉండేదాన్ని. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఎండలోనూ మంచులోనూ ఫ్లాస్కులో వేణ్ణీళ్ళే తాగేది కాబట్టి ఆమెకి మనసులో ఫ్లాస్కక్క అని పేరు పెట్టుకున్నాను (పైకి అనే ధైర్యం ఎప్పుడూ లేదు).

ఫిబ్రవరిలో నాకు కంట్రోల్ ఇంజినీరింగ్ ఓరల్ పరీక్ష ఉంది. అప్పటికే తప్పి ఉన్నాను, అదే చివరి అవకాశం. అదీ పోతే సూట్‌కేసు సర్దుకుని వరంగల్ వెళ్ళిపోవడమే. ఆ భయంతో నెలరోజులుగా అన్నం, గుడ్డు, మామిడికాయ తొక్కు తప్ప ఇంకేమీ తినలేదు. పరీక్ష నాలుగు రోజులుందనగా నోరంతా పూసింది. వీడియో కాల్లో నోరు తెరిచి చూపిస్తే అమ్మ, "వేడి జేసింది బిడ్డా. ఆ తొక్కు పక్కకు వెట్టి మజ్జిగ తాగు. సబ్జగింజలు నానవెట్టుకో" అంది. ఫ్లాస్కక్క నాలుక చాపమని చూసి, "ఒంట్లో వేడి పైకెక్కింది, చలవ చేసేవి తిని సమం చెయ్యాలి" అని ఎండు చామంతుల టీ, పెసలు ఉడికించిన నీళ్ళు, ఉడకబెట్టిన పియర్ పండు నా ముందు పెట్టింది. వరంగల్లూ చైనా ఒకటే మాట చెప్పాక ఇంక డాక్టర్ అపాయింట్‌మెంటు దేనికనుకున్నాను.

నా తెలివి ఇక్కడే బయటపడింది. ఇద్దరి వైద్యమూ పూర్తి మోతాదులో మొదలుపెట్టి, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పలేదు. చెబితే అమ్మ నొచ్చుకుంటుంది. ఫ్లాస్కక్క లెక్కలో ఫ్రిజ్‌లోంచి తీసి తాగేదేదైనా నేరమే. అందుకని మజ్జిగ నా గదిలో తలుపేసుకుని తాగేదాన్ని. "తాగావా?" అని ఎవరడిగినా తాగాననే చెప్పాను, అబద్ధమేమీ కాదు. బయట మోకాలి లోతు మంచు. మూడో రోజుకి నోటిపూత తగ్గింది, నాలుగో రోజు గొంతు పోయింది. పరీక్షకి బయల్దేరే ముందు నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

"నేనిచ్చింది ఇంత పని చెయ్యదే. ఇంకేం తాగావు?" అంది ఫ్లాస్కక్క. కాగితం మీద రాసిచ్చాను. చదువుకుని, అల్లం దంచడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది, నాకు ఏడుపొచ్చింది.

ప్రొఫెసర్ ముందు గొంతు చూపించి సైగ చేశాను. వాయిదా వేద్దామా అన్నాడాయన. ఇంకోసారి ఇంత భయపడే ఓపిక లేక తల అడ్డంగా ఊపాను. ఆయన బోర్డు చూపించాడు. అడిగినదానికల్లా సమీకరణం రాసి, బొమ్మ గీసి, పక్కకి జరిగి నిలబడ్డాను. అంతకు మించి చెయ్యగలిగిందేమీ లేదు. అరగంటయ్యాక ఆయన, "పాసయ్యారు. ఇవన్నీ మీకు పోయినసారీ తెలుసనుకుంటాను. అప్పుడు మీ మాటల్లో నాకు దొరకలేదు" అన్నాడు.

మజ్జిగ వల్లే గట్టెక్కానని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఫ్లాస్కక్క ఏటా వాళ్ళ కొత్త సంవత్సరానికి ఒక చామంతుల పొట్లం పంపి, అంతా దీని మహిమేనని రాస్తుంది. ఇద్దరికీ అవునంటాను. ఇప్పుడు కార్ల్స్‌రూహెలో నా ఉద్యోగమంతా మీటింగుల్లో మాట్లాడటమే. నేను చెబుతుండగా ఎదుటివాళ్ళు గడియారం వంక చూస్తే, చాక్‌పీసు పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. నా అంత తెలివైనది లేదని ఎవరైనా అనుకుని ఉంటే, అది ఆ అరగంటసేపే.