గోల్‌కీపర్‌కి నేను వేసిన దండ

చివరి బంతిపూల దండ మేకుకి తగిలించి, ఫోటో అద్దం మీద కుంకుమబొట్టు పెట్టి, కింద అగరొత్తి వెలిగించాను. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే, అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో! మీరూ ఒకసారి ముచ్చటపడిపోండి. ఇంకాసేపట్లో ఈ ముచ్చటే నా కొంప ముంచబోతోంది.

అప్పట్లో నేను పైడిరాజు సారు దగ్గర టైపింగ్ పనికి కుదిరాను. ఆయన పేపర్లో స్పోర్ట్స్ రిపోర్టరుగా చేసి, రిటైరై, విశాఖపట్నం ఫుట్‌బాల్ చరిత్ర రాస్తున్నారు. క్రికెట్‌కి పేజీ నిండా ఇచ్చి ఫుట్‌బాల్‌కి అగ్గిపెట్టెంత చోటిస్తే, ఆ అగ్గిపెట్టెలోనే జీవితమంతా కాపురం చేసిన మనిషి. ఇంటర్ తప్పిన నాకు మొదట్లో ఒకటే అనుమానం. ఎప్పుడో అయిపోయిన ఆటలో బంతి ఎవరు తన్నితే ఇప్పుడెవరికేంటి? కానీ టైపు చేస్తూ చేస్తూ ఆ జబ్బు నాకూ అంటుకుంది.

ముఖ్యంగా ఒకే ఒక్క బంతి. పోర్టు జట్టుకీ స్టీలు జట్టుకీ ఫైనల్. వాన, మోకాలి దాకా బురద. స్టీలు వాళ్ళు కొట్టిన బంతిని పోర్టు గోల్‌కీపర్ అప్పలస్వామి గీత దగ్గర పడుకుని చంటిపిల్లలా కౌగిలించుకున్నాడు. రిఫరీ గోల్ కాదన్నాడు. కప్పు పోర్టు వాళ్ళకి పోయింది. ఇంతకీ బంతి గీత దాటిందా, లేదా? సారు కుర్ర రిపోర్టరుగా ఉన్నప్పటి నుంచీ అడుగుతున్నారు. అప్పలస్వామి నవ్వేసి "టీ తాగుతావా?" అంటాడట. పుస్తకం మొత్తం తయారైంది, ఆ ఒక్క పేజీ తప్ప.

ఆ రోజు గాజువాకలో ఓ హాల్లో పాత ఆటగాళ్ళ ఫోటోలు పెట్టాం. భీమిలి నుంచి అప్పలస్వామి వస్తానన్నాడు.

"సూడు గౌరీ, ఆయనకి ముక్కు మీదుంటాది కోపం. మర్యాదలో తేడా రాకూడదు. ఈయేలైనా నోరిప్పుతాడేమో!" అన్నారు సారు. మెట్లు దిగుతూ, "పోయినోల్ల ఫోటోలకి దండలేసీ. నాను పేర్ల చీటీలు అట్టుకొచ్చెత్తాను" అని ప్రెస్సుకి వెళ్ళిపోయారు.

పోయినవాళ్ళెవరో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే దీనికేం తెలీదనుకోరూ! అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, అడగకపోతే నాలాంటిది పెట్టేస్తుంది, ఏకంగా కుంకుమబొట్టే. నా తెలివంతా ఉపయోగించాను. రంగుల ఫోటోలో ఉన్నవాళ్ళు ఉన్నట్టు, నలుపు తెలుపులో ఉన్నవాళ్ళు పోయినట్టు. సైన్సు కదండీ!

అంతలో ఒక ముసలాయన, పక్కన మామ్మగారు లోపలికొచ్చారు. ఆయన తిన్నగా నా చివరి దండ దగ్గరికే వెళ్ళి నిలబడ్డాడు. ఫోటోలో కోరమీసాల కుర్రాడు.

"ఎవులమ్మా ఈ కుర్రోడు?"

"పాతకాలం ప్లేయరు తాతా. పోనాడు, పాపం."

"అయ్యయ్యో! ఎలగ పోనాడు?"

తెలీదు అనే మాట నా నోటికి రాదు, అదీ నా రోగం. "గుండెపోటంట. నిద్దర్లోనే ఎలిపోనాడు."

"అదృష్టవంతుడు. మరి పెల్లాం?"

"ఆవిడ బెంగతో మంచం అట్టీసింది తాతా!"

పక్కనున్న మామ్మగారు కొంగు బిగించింది. "ఓసి గుంటా! నాను మంచం అట్టీసినానని నీకెవులు సెప్పినారే? పొద్దున్నే పీతల పులుసొండి, తినిపించి మరీ తెచ్చినాను ఈ మనిసిని! నా ఎదరే నా మొగుడికి దండేసీసినావా?"

రేవులో వేలం కాని చేపలా నోరు తెరుచుకుని ఉండిపోయాను. సరిగ్గా అప్పుడే సారు గుమ్మంలోకి వచ్చారు. మనిషిని చూశారు, ఫోటోని చూశారు. చేతిలో చీటీలన్నీ కింద పడ్డాయి.

"గౌరీ! ఏటి సేసీసినావే తల్లీ!"

"బ్లాక్ అండ్ వైట్ ఫోటో కదా అనీ..."

"బ్లాక్ అండ్ వైట్ అయితే పోయినట్టేనా? ఆ మూల నాదీ ఉంది గదే!"

అటు చూశాను. జులపాల జుట్టు, బెల్‌బాటం ప్యాంటు, చేతిలో పెన్ను. దానికి కూడా వేసేశాను. బొట్టయితే కాస్త పెద్దదే పెట్టాను.

అప్పలస్వామి తాత గోడ పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "రారా పైడిరాజూ! నువ్వూ పోనావా! ఇద్దరం పోనాక ఇంకేటి దాపరికం? రాసుకో. బంతి దాటింది."

సారు జేబులోంచి పెన్ను లాగారు. "ఎంత?"

"జానెడు. బురదలో గీత కానరాక రిఫరీ నా మొకం సూసినాడు. నాను తల అడ్డంగా ఊపీసినాను."

"మరిన్నాళ్ళూ సెప్పలేదేటి బావా?"

తాత మిగతా ఫోటోల వైపు తిరిగాడు. నవ్వు తగ్గింది. "మా జట్టోల్లంతా ఆ కప్పు సెప్పుకునే బతికినార్రా. ఇప్పుడు ఆల్లెవులూ లేరు." తర్వాత నాకేసి చూశాడు. "ఆల్ల దండలు మాత్రం సరిగ్గానే ఏసినావమ్మా."

మామ్మగారు కొంగుతో మొగుడి బొట్టు తుడిచింది. సారు బొట్టు మాత్రం నన్నే తుడవమంది. అది తుడుస్తూ, ఆరిపోయిన అగరొత్తి సాక్షిగా ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. పోయారా లేదా అని ఆ మనిషినే స్వయంగా అడిగి తెలుసుకోకుండా, ఈ జన్మలో ఇంకే ఫోటోకీ దండ వెయ్యను.

మర్నాడు పొద్దున్నే, పళ్ళు కూడా తోముకోకుండా, పరవాడలో ఉన్న మరో పాత ఆటగాడికి ఫోన్ చేశాను.

"నమస్తే తాతా, పైడిరాజు సారు దగ్గర్నుంచి గౌరిని. బాగున్నారా?"

కబురు నాకంటే ముందే పరవాడ చేరిపోయినట్టుంది.

"ఉన్నానమ్మా, ఉన్నాను! పువ్వులేవీ కొనీకు!"