కత్తెరక్క పెట్టుకోని బిళ్ళ

మా ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరూ ఆమెను కత్తెరక్క అనేవాళ్ళు. యూనిఫారాలు కుట్టే కంపెనీ మాది. నేను గుండీల దగ్గర, ఆమె కటింగ్ బల్ల దగ్గర. ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల. కాలరు, చెయ్యి, వీపు, జేబు, ఈ అట్టముక్కలన్నిటినీ పరిచిన బట్ట మీద ఎలా సర్దితే గుడ్డ తక్కువ పాడవుతుందో చూసి, సుద్దతో గీసి కత్తిరించడం ఆమె పని. నోటితో అంగుళాలు లెక్కపెడుతూ, కళ్ళు చికిలించి ఖాళీలు వెతికేది. మధ్యలో పలకరిస్తే "ఉండవే!" అని కసిరేది.

కత్తెర ఎడమచేత్తో పట్టేది. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు ఆ వేళ్ళ మీద స్కేలుతో కొట్టి కొట్టి కుడిచేత్తో రాయడం అలవాటు చేయించాడట. "రాయడం ఆయన కోసం నేర్చుకున్నా, కత్తిరించడం నా కోసం నేర్చుకున్నా" అనేది.

ఒక ఏడు మాకు కొత్త మేనేజరు వచ్చాడు. మంచివాడే గానీ ఎవరేం చెప్పినా నమ్మేసే రకం. పనివాళ్ళ బుర్రలు పరీక్షించి ఎవరికి ఏ పని నప్పుతుందో తేల్చేస్తానన్న ఓ ట్రైనర్ని పిలిపించాడు. భోజనాల హాల్లో మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టి, తెర మీద ఒక బొమ్మ వేశారు. నల్లటి నీడలాంటి ఆడపిల్ల ఒంటికాలి మీద గిర్రున తిరుగుతోంది.

"కుడివైపు తిరుగుతున్నట్టు కనిపిస్తే మీకు కుడి మెదడు ఎక్కువ. అంటే ఊహ, రంగులు, కళ. ఎడమవైపు కనిపిస్తే ఎడమ మెదడు. లెక్కలు, కొలతలు" అన్నాడు ట్రైనరు.

కుడివాళ్ళకి ఆకుపచ్చ బిళ్ళ, ఎడమవాళ్ళకి నీలం బిళ్ళ. రోజూ గుండె మీద గుచ్చుకుని పనికి రావాలి. ఆ పిల్ల ఎటు తిరుగుతోందో నాకు ఎంతకీ తేలక, పక్కావిడ చెప్పిందే చెప్పాను. నీలం ఇచ్చారు. లెక్కలంటే నాకు చలిజ్వరం!

కత్తెరక్క వంతు వచ్చింది.

"రెండు వైపులా తిరుగుతోంది బాబూ."

"అలా కుదరదండీ. ఏదో ఒకటే చెప్పాలి."

"పాదాన్నే చూస్తూ ఉంటే ఇటు మళ్ళుతుంది, కాసేపాగితే అటు. అది వట్టి నీడ. దానికి ముందేది, వెనకేది? మనం ఎటు అనుకుంటే అటు."

"మొదట ఎటు కనిపించింది?"

"కుడికి. అయితే?"

"అయితే కుడి మెదడు. పైగా మీది ఎడమచేతి వాటం. ఇంక అనుమానమే లేదు."

కత్తెరక్క అతని చేతిలోంచి పెన్ను లాక్కుని, హాజరు కాగితం మీద కుడిచేత్తో గుండ్రంగా సంతకం పెట్టింది. "మరి ఇదెవరి మెదడు?"

హాలంతా గొల్లుమంది. అతని మొహం కందిపోయింది గానీ రాసింది మార్చలేదు. ఆవిడ ఆకుపచ్చ బిళ్ళని బల్ల మీదే వదిలేసి లేచిపోయింది.

మర్నాడు పనులు మార్చేశారు. కొలతలన్నీ నీలంవాళ్ళకి. కటింగ్ బల్ల స్టాకు గుమాస్తాకి. కత్తెరక్కని దారాల రంగులు ఎంచే గదికి వెళ్ళమన్నారు.

"ఒక బిళ్ళే కదమ్మా, పెట్టుకుంటే ఏం పోతుంది?" అన్నాడు మేనేజరు.

"నేను సగం బుర్రతో బతుకుతున్నానని గుండెల మీద రాసుకు తిరగను సార్."

"అయితే మడతల దగ్గర కూర్చోండి."

వెళ్ళి కూర్చుంది. పొద్దస్తమానం కుట్టిన చొక్కాలు మడతపెట్టడమే పని. బిళ్ళ మాత్రం పెట్టుకోలేదు.

గుమాస్తా యాభై దాటినవాడు, నెమ్మదైన మనిషి. టీ వేళ ఆవిడ దగ్గరికి వచ్చి, "అక్కా, నాకు అంకెలొచ్చు గానీ గుడ్డ రాదు. అన్నం సయించడం లేదు" అన్నాడు.

"నీ మీద నాకేం కోపం లేదు. అట్ట కదలకుండా పట్టుకో, అంచు వెంబడే గీ. తొందరపడకు" అని చెప్పింది.

మూడో వారంలో ఓ ఆసుపత్రి ఆర్డరు తనిఖీకి వచ్చింది. వాళ్ళ తరఫున వచ్చినావిడ ఒకే సైజు కాలర్లు రెండు తీసి, నెలవంకల్లా ఒకదాని కింద ఒకటి పెట్టింది. కిందిది పెద్దదిగా ఉంది. "ఒకే సైజులో రెండు కొలతలేంటి?" అంది. మేనేజరు చూశాడు, పెద్దదే. ఆ రోజు ట్రైనరూ అక్కడే ఉన్నాడు, అతనూ తల ఊపాడు. మేమందరం వంగి చూశాం. పెద్దదే.

"ఒకే అట్టతో గీశాను సార్" అంటున్నాడు గుమాస్తా. మేనేజరు అతని మీద విరుచుకుపడ్డాడు.

కేకలు విని కత్తెరక్క వచ్చింది. కాలర్లని ఒక్క క్షణం చూసి, కిందిది పైకి, పైది కిందికి మార్చింది. ఇందాకటి చిన్నది పెద్దదైపోయింది! తర్వాత రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టింది. దారమంత తేడా లేదు.

తనిఖీకి వచ్చినావిడ నోరు తెరిచింది. తనే నాలుగుసార్లు అటూ ఇటూ మార్చి చూసి, నవ్వుకుంటూ సంతకం పెట్టేసింది.

కత్తెరక్క ట్రైనర్ వైపు తిరిగింది. "బాబూ, నీలం బిళ్ళకీ పెద్దదే, ఆకుపచ్చ బిళ్ళకీ పెద్దదే, ఏ బిళ్ళా లేని నీకూ పెద్దదే. నాకూ అలాగే కనిపించింది. మరి మోసపోయింది ఏ సగమో చెప్పు."

"అది వేరే విషయమండీ..."

"కన్ను ఎలా మోసపోతుందో చూపించే బొమ్మతో మనిషి బతుకెలా తేల్చావు మరి?"

అతను ఫైలు సర్దుకున్నాడు.

మేనేజరు దిగొచ్చాడు. "రేపట్నించి మీ బల్ల మీకే. మీకు బిళ్ళ అక్కర్లేదు."

"నాకొక్కదానికేనా? అందరివీ తీయించండి."

"పై ఆఫీసుకి రాసేశాం. కుదరదు."

"అయితే మడతలే పెట్టుకుంటా."

నాకు ఒళ్ళు మండింది. "చేతికొచ్చిన బల్ల వదులుకుంటావా?" అని నిలదీశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "పక్కదాని కళ్ళతో చూసి తెచ్చుకున్న బిళ్ళ పెట్టుకు తిరుగుతున్నావు. నువ్వా నాకు చెప్పేది?"

అక్కడికక్కడే పీకి పారేశాను. మర్నాడు గుమాస్తా కూడా తనది తీసేసి, మడతల దగ్గర ఆవిడ పక్కన వచ్చి కూర్చున్నాడు. అందరూ తీసేశారని చెప్పను. భయపడ్డవాళ్ళున్నారు. రిసెప్షన్ పిల్లయితే, తన బట్టలకి నప్పుతోందని ఆకుపచ్చది ఉంచుకుంది.

కటింగ్ బల్ల ఖాళీగా ఉండిపోయింది. పదకొండు రోజులు బిగదీసుకున్నాడు మేనేజరు. పన్నెండో రోజు మడతల దగ్గరికి వచ్చి, "మీరిద్దరూ మీ మీ చోట్లకి వెళ్ళండి. ఆ బిళ్ళల సంగతి ఇంక ఎవరూ అడగరు" అన్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు.

ఏడాది చివర్లో ఆవిడ రిపోర్టు వచ్చింది. పనితనం ఉత్తమం, సహకారం లేదు అని ఉంది. వాళ్ళాయన సైకిళ్ళు బాగుచేసే మనిషి, అది చూసి కంగారుపడి, ఆ రెండో మాట కొట్టేయమని అర్జీ పెట్టమన్నాడట. "ఎందుకూ, నిజమే రాశారుగా!" అందట ఆవిడ.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ సహకారం గడిలో అదే మాట. ఒకసారి మాత్రం ఎవరో కొత్త గుమాస్తా 'సంతృప్తికరం' అని రాశాడు. కత్తెరక్క ఆ కాగితం పట్టుకుని ఆఫీసుగదికి వెళ్ళి, దగ్గరుండి దిద్దించుకొచ్చింది.