స్వరూప ఒప్పుకున్న నా తప్పు

ఇరవై ఏళ్ళు దాటింది, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు. అమ్మ తెలుసుకోకుండానే పోయింది. ఆఫీసులో నన్ను ముక్కుసూటి మనిషి అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా వేరే సంగతి ఎత్తుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందే ఒక మాట. ఆ రాత్రుల గురించి నాకు సిగ్గు లేదు. పంజాగుట్టలో ఒక హోటల్ కింద, నేలమాళిగలో, డిస్కో ఉండేది. ఇప్పుడక్కడ రక్తపరీక్షలు చేస్తున్నారు. అప్పట్లో మెట్లు దిగుతుంటే పాట చెవులకన్నా ముందు అరికాళ్ళకు తెలిసేది. బుధవారాలు ఆడపిల్లలకు టికెట్టు ఉండేది కాదు. తలుపు దగ్గర చేతి మీద ఊదారంగు ముద్ర వేసి లోపలికి పంపేవారు. నేను భీమవరం పిల్లను. ఇంట్లో గట్టిగా నవ్వితే మా నాన్న చదువుతున్న పేపరు దించి చూసేవారు. అలాంటిదాన్ని, ఎవరి కూతురో ఎవరికీ తెలియని ఆ చీకట్లో, జుట్టు విరబోసుకుని, చెమటతో బట్టలు ఒంటికి అతుక్కుపోయేదాకా ఎగిరాను. ఈ ఒళ్ళు నాది అని నాకు మొదటిసారి అక్కడే తెలిసింది. దాన్ని తప్పంటే ఈ రోజుకీ ఒప్పుకోను.

తప్పు వేరే ఉంది.

స్వరూపది జనగామ. మధురానగర్ హాస్టల్లో నా గదిలోనే ఉండేది. ఇద్దరం అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకునేవాళ్ళం. నాకు ఎంత చదివినా ఎక్కనిది ఆమె ఒక్కసారి విని, రాత్రి మంచం మీద కూర్చుని నాకు అర్థమయ్యేలా చెప్పేది. వాళ్ళ అన్న ఇంట్లో పెద్దవాళ్ళతో కొట్లాడి ఆమెను చదువుకు పంపాడు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు. అందుకే డిస్కోకు రానంది.

“నాకు జర భయమైతుందే. అన్నకు తెలిస్తే ఎట్ల?” అనేది.

నేను బతిమాలాను. అలిగాను. ఒంటరిగా వెళ్తే ఆటోవాళ్ళతో భయమని నాటకమాడాను. చివరికి వచ్చింది. వచ్చినా మూల సోఫాలో జ్యూస్ గ్లాసు పట్టుకుని కూర్చునేది. నేను ఆడుతుంటే చూసి నవ్వేది. హాస్టల్లో మాత్రం ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉండే మా పిన్ని ఇంటికి వెళ్తున్నామని చెప్పేవాళ్ళం. పిన్ని మీద వార్డెన్ ఆంటీకి గురి. ఆలస్యమైనా ఏమనేది కాదు.

ఆ ఆఖరి బుధవారం స్వరూప లేచి ఆడింది. నేను లాగలేదు. తనంతట తనే గ్లాసు పక్కన పెట్టి, చున్నీ నడుముకు కట్టుకుని వచ్చింది. బతుకమ్మ ఆడే పిల్ల కదా, కాలు అంత తేలిగ్గా కదిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెకు చోటిచ్చారు. వెనక్కి వస్తూ ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుని, “మస్తుగుందే” అంది. నేను ఉమ్ము తడితో నా చేతి మీద ముద్ర రుద్ది చెరుపుకుంటున్నాను. ఆమెకు ఆ అలవాటు లేదు.

గేటు దగ్గర వార్డెన్ ఆంటీ నిలబడి ఉంది. ఏదో పని మీద పిన్నే హాస్టల్‌కు ఫోన్ చేసి నన్ను పిలవమందట. ఆంటీ మొదట స్వరూప చెయ్యి పట్టుకుని లైటు కిందికి లాగింది. ఊదారంగు ముద్ర స్పష్టంగా ఉంది.

“ఎవరు ఎవర్ని తీసుకెళ్ళారు?” అని అడిగింది.

నేను ఆలోచించలేదని చెప్పుకోవాలని ఎన్నిసార్లు అనిపించిందో. కానీ ఆలోచించాను. మా నాన్న, పేపరు, భీమవరం రైలు, అన్నీ ఆ కాసేపట్లోనే కనబడ్డాయి.

“తనే వెళ్ళిందండీ. నేను వెనక్కి తీసుకురావడానికి వెళ్ళాను. ఎంత చెప్పినా వినదు.”

స్వరూప నా వైపు తిరిగింది. కోపంగా చూసుంటే బాగుండేది. నన్ను గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది. తర్వాత ఆంటీతో, “అవునాంటీ. నేనే పోయిన. దానికేం తెల్వదు” అంది.

ఎందుకంది? నా భయం కనబడిందా? నాతో వాదించడం చిన్నతనం అనుకుందా? తెలియదు.

ఆంటీ ఫోన్ చేస్తే పొద్దున్నే వాళ్ళ అన్న వచ్చాడు. ఆమె పెట్టె ఎత్తుకుని, ఆమెను జనగామ తీసుకెళ్ళిపోయాడు. ఆయన మొహం చూసి కూడా నేను నిజం చెప్పలేదు. కోర్సు పూర్తి చేశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, ఎదిగాను. ఆ ఎదుగుదల నా కష్టం. అది ఎవరి దగ్గరా దొంగిలించింది కాదు. కానీ నా పక్క సీట్లో కూర్చోవాల్సిన మనిషిని నేనే లేపి పంపాను.

ఆ తర్వాత ఆమెను చూసింది మొన్న వానాకాలంలో, అమీర్‌పేట మెట్రో స్టేషన్లో. తనే నన్ను గుర్తుపట్టింది. పక్కన కూతురు నిఖిత. మధురానగర్ హాస్టల్లో చేర్చడానికి తీసుకొచ్చిందట.

“గీ ఆంటీయే ఆ రాత్రి నన్ను తీస్కరానీకి వచ్చింది” అని కూతురికి చెప్పింది. “నీకు సుత ఇట్లాంటి దోస్తు దొరికితే నాకు ఫికర్ లేదు.”

నేను నవ్వాను. అవును, నవ్వాను. గేటు దగ్గర చెప్పింది చిన్న పిల్ల. స్టేషన్లో నవ్వింది యాభైకి దగ్గరపడ్డ మనిషి. మీకు చెప్పాలనుకున్న అసలు తప్పు ఇదేనేమో.

ఆదివారాలు నిఖిత మా ఇంటికి భోజనానికి రావడం మొదలుపెట్టింది. ఒకసారి తింటూ తింటూ వీడియో కాల్ ఎత్తి ఫోన్ నా వైపు తిప్పింది. అవతల వాళ్ళ మేనమామ, స్వరూప అన్న. నేను కనబడ్డాకే ఆయన ఫోన్ పెట్టేశాడు.

“రోజూ గిట్లనే ఆంటీ. ఏడున్ననో చూపియ్యాలె. మీ అమ్మ చేసినట్ల నువ్వు చెయ్యకు అంటడు” అంది. తల దించుకుని, “అమ్మ నిజంగ అట్లుండెనా?” అని అడిగింది.

“లేదు తల్లీ. అలా ఉన్నది నేను. మీ అమ్మ రానంటే బతిమాలి తీసుకెళ్ళింది నేను. గేటు దగ్గర అబద్ధమాడింది కూడా నేనే.”

ఆ పిల్ల అన్నం కలపడం ఆపేసింది. “మరి అమ్మ ఎందుకు ఒప్పుకుంది?”

“తెలియదు.”

“ఎన్నడూ అడగలేదా?”

“లేదు.”

చెయ్యి కడుక్కుని, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఆపలేదు.

సాయంత్రం స్వరూప ఫోన్ చేసింది. “పిల్లకెందుకు చెప్పినవ్?”

“నిజం తెలియాలని.”

“నిజం నాకు తెల్వదా? చెప్పాల్నంటే నేనే చెప్తుంటి గద. నన్నడగకుండ నువ్వెట్ల చెప్తవ్?” అని పెట్టేసింది.

ఆమె అన్నది సబబే. ఆ పిల్ల కోసం చెప్పానా, నా కోసం చెప్పానా? సగం నా కోసమే. అయినా చెప్పినందుకు చింత లేదు. ఆ ఇంట్లో ఒక ఆడపిల్లకైనా వాళ్ళ అమ్మ ఎలాంటిదో ఇప్పుడు తెలుసు.

క్షమించమని స్వరూపను అడగలేదు. అడిగితే ఆమె మళ్ళీ నా తరఫున మాట్లాడాల్సి వస్తుంది. ఒకసారి మాట్లాడింది, చాలు. ఈసారి మాట్లాడింది నేను. ఇప్పుడు మీతో కూడా చెప్పేశాను.