రాహుకాలంలో ఆపిన కమిట్

ఉద్యోగంలో నేను చాలా తప్పులు చేశాను. పంచాంగం చూసి మరీ చేసింది మాత్రం ఇదొక్కటే. కొంప ముంచాను, అదీ నాది కాదు, ఇంకొకరిది. నవ్వుకోండి, ఆనక నాలుగు తిట్టండి.

ఎనభైల చివరి మాట. నయాపూల్ దగ్గర ఒక సర్కారు ఆఫీసులో నల్లా కనెక్షన్ల దరఖాస్తులను కంప్యూటరుకెక్కించే పని నాది. గుంటూరు నుంచి వచ్చినవాణ్ణి. పదిహేను రోజులు కుస్తీపట్టి కోబాల్ ప్రోగ్రాంకూ డేటాబేసుకూ లంకె కుదిర్చాను. పిల్లకు సంబంధం కుదిర్చినంత గర్వం! దరఖాస్తులు టైపు చేసేది శాలిబండ యాదమ్మ. తాత్కాలిక ఉద్యోగం, ఆ గురువారంతో గడువు ఆఖరు. మూడింటికి ఆఫీసరు వచ్చి జాబితా చూసి మెచ్చితే ఇంకో ఏడాది ఉంచుకుంటారు.

ఒంటిగంటన్నరకల్లా నూట నలభై దరఖాస్తులూ ఎక్కించేసింది పాపం. ఇక ప్రోగ్రాం నుంచి 'కమిట్', అంటే భద్రపరచు, అని ఆజ్ఞ పంపాలి. అది పంపేదాకా ఎక్కించినదంతా గాలిలో దీపమే. ఒక్క మీట నొక్కాలి, అంతే. నేను గోడమీది క్యాలెండరు చూశాను.

"ఆగమ్మా! రాహుకాలం. మూడు దాటనీ."

"ఏంది సార్ గిది? కరెంటుకు రాహుకాలం ఎర్కనా? నొక్కుండ్రి."

"మొదటి కమిట్ తల్లీ! శుభమా అని మొదలుపెడుతూ..."

"నాకైతే మస్తు ఫికరైతాంది సార్."

"నేనున్నాగా!"

నేనున్నాను. రెండున్నరకు కరెంటే పోయింది. మూడింటికి కరెంటూ ఆఫీసరూ కలిసే వచ్చారు. తెర వెలిగింది. దరఖాస్తులు: సున్నా.

"పొద్దుగాలసంది ఏం జేసినవమ్మా?" అన్నాడు ఆఫీసరు.

యాదమ్మ నావైపు చూసింది. నేను క్యాలెండరు వైపు చూశాను.

"కరెంటు పోయింది సార్" అంది చివరికి. నా పేరెత్తలేదు. సిగ్గులేని నేనూ ఎత్తలేదు. సాయంత్రానికి ఆమెను పంపేశారు. ఆలస్యం అమృతం విషం అంటారు కదా, నా ఆలస్యంలో అమృతం నాకూ విషం ఆమెకూ దక్కాయి.

నెల తర్వాత శాలిబండ వెళ్ళాను. "తప్పు నాదేనమ్మా. ఆఫీసరుగారికి చెబుతాను" అన్నాను.

ఆమె చాయ్ చేతికిచ్చి నవ్వింది. "గీ ముచ్చట చెప్పనీకి మంచి గడియ నెలకు దొరికిందా సార్?"

నాకు నవ్వు రాలేదు. ఆ పొద్దున దుర్ముహూర్తం దాటాకే ఇల్లు కదిలాను మరి. మర్నాడు ఆఫీసరుకు చెప్పాను. ఆమె కుర్చీలో అప్పటికే వేరే మనిషి కూర్చుని ఉంది.

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా ఇదే నా ప్రమాణం: దరఖాస్తు దరఖాస్తుకూ కమిట్ నొక్కుతాను. తప్పు ఒప్పుకోవాల్సి వస్తే, నడి రాహుకాలంలోనైనా సరే, అక్కడే నిలబడి ఒప్పుకుంటాను.