ఈడే తాగి పో

మా పెద్ద మామయ్య పోయారు. కోవూరు నుంచి సైకిలు మీద వచ్చిన సోడా కొట్టు మనిషి నెల్లూరులో మా గుమ్మం ముందు దిగి, "షాపులోనే, కుర్చీలోనే పొయినాడమ్మా" అన్నాడు. మా అమ్మ కూలబడి, "మా అన్న ఒక్కడే ఉన్నాడా?" అని అడిగింది. ఒక్కరే. చాలా ఏళ్ళుగా ఆయన ఒక్కరే.

మామయ్యది కోవూరులో మందుల షాపు. రిజిస్టరైన ఫార్మసిస్టు దగ్గరుండి చూస్తేనే డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాలని చట్టం. చాలా షాపులవాళ్ళు ఆ చట్టాన్ని లైసెన్సుతో పాటు ఫ్రేము కట్టించి గోడకు తగిలించి ఊరుకునేవారు. మామయ్య మాత్రం, ఆ ఫార్మసిస్టు తనే కాబట్టి, దాన్ని నమ్మి కూర్చున్నారు. పెళ్ళికి పిలిస్తే "షాపెవరు చూస్తారు?" అనేవారు. భోజనం షాపులో తెర వెనకే. అత్తయ్య పోయాక క్యారియరు కూడా తనే కట్టుకొచ్చేవారు. పిల్లలు లేరు. తగువు పెట్టుకోవడానికైనా ఆ ఇంట్లో ఇంకో మనిషి లేడు.

సీసా తీసేటప్పుడోసారి, మందు పోసేటప్పుడోసారి, తిరిగి బీరువాలో పెట్టేటప్పుడోసారి లేబులు చదివేవారు. చదివిందే ఎన్నిసార్లు చదువుతావు మామయ్యా అని నేను ఏడిపిస్తే, "నా మీద నాకు నమ్మకం ఎక్కువమ్మా, అదే భయం" అనేవారు. షాపుకి ఎవరొచ్చినా ఏం కావాలని అడిగేవారు కాదు. "ఎవురికి?" అన్నదే ఆయన మొదటి మాట.

అవి ప్రొహిబిషన్ రోజులు. సారా దొరకనివాళ్ళకి అల్లం టింక్చరు దొరికింది. అది అజీర్ణానికి వాడే మందే. కాకపోతే స్పిరిటులో నానబెట్టి తీస్తారు కాబట్టి సీసాడు తాగితే కైపెక్కుతుంది. పొద్దు వాలేసరికి ఊళ్ళో మగవాళ్ళందరికీ కడుపునొప్పి మొదలయ్యేది. కొన్ని షాపుల్లో అడిగినన్ని సీసాలు ఇచ్చేవారు. మామయ్య అసలు సీసాయే చేతికిచ్చేవారు కాదు. ఔన్సు గ్లాసులో ఒక్క మోతాదు కొలిచి, నీళ్ళు కలిపి, బల్ల మీద పెట్టి, "ఈడే తాగి పో" అనేవారు. నిజంగా నొప్పి ఉన్నవాడు తాగి వెళ్ళేవాడు. మిగతావాళ్ళకి ఆ మాట వినగానే నొప్పి తగ్గిపోయేది.

"సరుకైతే అడిగినంత ఇస్తా. మందైతే కావలసినంతే ఇస్తా" అనేవారు మామయ్య. ఆ పట్టుదల వల్లనే సాయంత్రాలు కబుర్లకి వచ్చే స్నేహితులు ఒక్కొక్కరే జారుకున్నారు. వాళ్ళు కూర్చునే బెంచీ ఖాళీ అయింది.

ఒక సాయంత్రం ఆయన సొంత తమ్ముడు, మా చిన్న మామయ్య, షాపుకి వచ్చాడు. అమ్మా నేనూ అక్కడే ఉన్నాం. అతని చేతులు వణుకుతున్నాయి.

"అన్నా, కడుపులో నొప్పి. సీసా ఇయ్యి, ఇంటికాడ తాగతా."

మామయ్య గ్లాసుని కంటి ఎత్తుకి పట్టి కొలిచి బల్ల మీద పెట్టారు. "ఈడే తాగి పో, అబ్బయ్యా."

"నన్నుగూడా ఊళ్ళోవాళ్ళ మాదిరే చూస్తన్నావా?"

"బల్లకి ఆ పక్క అందురూ ఒకటే."

చిన్న మామయ్య గ్లాసు ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే పులికాటు సరస్సు దగ్గరి దొరవారిసత్రం చేరి అక్కడే ఉండిపోయాడు. "ఒక్క సీసా ఇస్తే నీ లైసెన్సు కాలిపొయ్యేదా అన్నా?" అని అమ్మ ఏడ్చింది. "లైసెన్సు పోతే ఇంకోటి తెచ్చుకుంటా. తమ్ముణ్ణి యాడ తెచ్చుకునేది?" అన్నారాయన. అలా అన్న మనిషికి తమ్ముడూ దక్కలేదు.

ఒకే ఒక్కసారి, పని రోజున షాపు మూసి, రైలెక్కి తమ్ముడి దగ్గరికి వెళ్ళారు. సాయంత్రానికే తిరిగొచ్చారు. తమ్ముడు బయటికే రాలేదట. ఏమైంది మామయ్యా అని నేను అడిగితే, "పులికాటు గాలి బాగుందమ్మా ఆడ" అని లేబులు చదవడంలో పడ్డారు. 

ఆయన పోయిన తర్వాత సామాను సర్దడానికి అమ్మా నేనూ షాపు తెరిచాం. చీటీలు పట్టుకొచ్చినవాళ్ళని తిప్పి పంపాల్సి వచ్చింది. మందులన్నీ ఉన్నాయి, ఇవ్వదగిన మనిషే లేడు. అప్పుడొచ్చాడు చిన్న మామయ్య. కబురు ఆలస్యంగా అందిందట. తల నెరిసింది. చేతులు వణకడం లేదు.

అమ్మ ఆ చేతుల వంకే చూస్తూ, "ఎప్పుడు మానేసినావురా?" అంది.

"చాన్నాళ్ళయిందక్కా."

"వచ్చి ఆ ఒక్క మాట చెప్పుండొచ్చు గదరా! ఎదురుచూసి ఎదురుచూసి పొయినాడు."

"రేపు పోదాం, రేపు పోదాం అనుకుంటా ఉండిపొయినా."

చిన్న మామయ్య బల్లకి అవతల, అందరూ నిలబడే చోటే నిలబడ్డాడు. ఔన్సు గ్లాసు అందుకుని, కూజాలోని నీళ్ళు పోసుకుని, కంటి ఎత్తుకి పట్టి చూశాడు. ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "అన్నా, ఈడే తాగతన్నా, చూడు" అని ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు బోర్లించి, వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చున్నాడు.

మేము తలుపులు మూసేటప్పటికి, బోర్లించిన గ్లాసు చుట్టూ బల్ల మీద నీటి తడి ఇంకా ఆరలేదు.