జర నీ మొకం తీస్కరా!

ఇప్పటికీ జెల్ ట్యూబు మూత తీసి, శనగగింజంత వేలిమీద వేసుకుని చెంపకు తాకించగానే, ఆ చల్లదనంతోపాటు విమల డాక్టరమ్మ కేక వినిపిస్తుంది: "సునీతా, జర నీ మొకం తీస్కరా!" కుర్చీ తెమ్మన్నట్టే ఆవిడ నా ముఖాన్నీ తెమ్మనేవారు.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. అక్కడ ఆవిడది చిన్న చర్మవ్యాధుల దవాఖాన. ముందు బల్ల దగ్గర చీటీలు రాసే కొలువు నాది. చిక్కల్లా నా రెండు చెంపల మీదా ఉన్న మంగు మచ్చలు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టుంది నా పని. కురవి నుంచి వచ్చిన ఒకామె అననే అంది: "మచ్చలకు మందున్నదని వస్తిమి. ఈడ కూసున్న పిల్లకే దొరకనట్టున్నది గద!" నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఈ కొలువు పోతే మళ్లీ మిరప చేలకే పోవాలి, మంగు తెచ్చిపెట్టిన ఆ ఎండలోకే. లోపలికి వెళ్లి, "అమ్మా, నన్ను ఎనక రూముల కూసోవెట్టుండ్రి. నన్ను చూసి జనం మర్లిపోతున్నరు" అన్నాను.

"పోతె పోనీ. నువ్వు ఆడనే కూసో. రేపటిసంది నీకు గూడ మందు. పడుతదో లేదో ముందు ఒక్క చెంపకు చూద్దాం. రెండోది సాక్షి" అన్నారు డాక్టరమ్మ. అలా కొన్నాళ్లు నేను సగం రోగిని, సగం గోడపత్రికను.

నాకు రాసిన ఆ నానో జెల్ అప్పుడే కొత్తగా వచ్చింది. భూపాలపల్లి దిక్కు నుంచి మానుకోటలో కూతురింటికి వచ్చి, మచ్చలు చూపించుకోవడానికి మా దవాఖానకొచ్చిన ఎల్లవ్వ, దాని పేరు వినగానే ఉలిక్కిపడింది.

"నానోనా? అద్దు తల్లీ! యూరియా బస్తాకు లైన్ల నిలవడితె గదే పేరున్న యూరియా సీసా చేతులవెట్టిన్రు. గిది రాస్తే మొకం మీద గడ్డి మొలుస్తదా ఏంది?"

"మొలిస్తే మంచిదే, నీ బర్రెకు మ్యాత కొనే పని తప్పుతది" అని డాక్టరమ్మ నవ్వి, తర్వాత ఓపిగ్గా చెప్పారు. "జల్లెడ పడితే రవ్వ పైన ఆగుతది, మైదా దిగుతది. మందును గట్ల సన్నగ చేస్తే తోలు లోపటికి దిగుతది. గంతే. కని ఎండల గొడుగు పట్టకుంటే ఏ నానో ఏం చెయ్యది. సునీతా, జర నీ మొకం తీస్కరా!"

ఎల్లవ్వ నా గడ్డం పట్టుకుని, పుచ్చువంకాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పింది. "గీ దిక్కు పల్చవడ్డది. గా దిక్కు రాయలేదేంది, మందు ఒడిసిందా?"

ఆ మాటకు నాకే నవ్వొచ్చింది. నా ముఖం మీద నేను నవ్వుకోవడం అదే మొదలు. ఆ ఊపులో, "రెండో దిక్కు గూడ రాస్తే తెల్లగైతనా అమ్మా?" అని అడిగాను. డాక్టరమ్మ నవ్వలేదు.

"మచ్చ పోతది. రంగు పోదు. అది మీ అవ్వ ఇచ్చింది, తీసెయ్య నేనెవరు?"

డాక్టరమ్మ ఇప్పుడు లేరు. ఆ లోటు నాకింకా తీరలేదు. జనగామ నుంచి కొత్త డాక్టరు వచ్చారు. నా రెండు చెంపలూ తేటపడ్డా, మంగు మొండిది, గొడుగు మరిచిన పాపానికి ఈ ఎండాకాలం మళ్లీ తొంగిచూసింది. నేను మాత్రం ముందు బల్ల దగ్గరే ఉన్నాను.

నిన్న ఒక కాలేజీ పిల్ల ముఖానికి చున్నీ చుట్టుకుని వచ్చి, మూలన కూర్చుంది. "అక్కా, గీ జెల్ నిజంగ పనిచేస్తదా?" అని మెల్లగా అడిగింది. అలవాటు కొద్దీ లోపలి గది వైపు చెవి పెట్టాను. కేక రాలేదు. నేనే లేచి, నా ముఖాన్ని తీసుకుని ఆ పిల్ల దగ్గరికి వెళ్లాను.